సగంలో వదిలేసిన పుస్తకం 'చదివిన' లెక్కలోకి వస్తుందా?

కాగితపు_పులి
ఏడాది చివరికొచ్చేసరికి ఒక జాడ్యం మొదలవుతుంది. ఈ ఏడు ఎవరెన్ని పుస్తకాలు చదివారో అందరూ జాబితాలు పెట్టేస్తారు. నిన్న మా స్నేహితుడొకడు పెట్టాడు, అక్షరాలా నూరు. కింద చప్పట్లు, దండాలు, "మీకు టైమెలా దొరుకుతుంది సార్" అని ఆశ్చర్యాలు. మనసారా కుళ్లుకుందామని ఒక్కో పేరూ చూస్తూ వెళ్లాను. సగానికి సగం ఆడియో, అదీ రెండింతల వేగంలో. కొన్ని 'పావుగంటలో పుస్తకసారం' బాపతు. మధ్యలో వాళ్లమ్మాయికి రాత్రిపూట చదివి వినిపించే బొమ్మల పుస్తకాలు కూడా దూర్చేశాడు. వాటిలో ఒకదాంట్లో మొత్తం కలిపి నలభై మాటలుంటాయేమో, అందులో సగం 'కుందేలు'.

ఇక నా సంగతి. రాయడం నా వృత్తి కాబట్టి తెగ చదివేస్తానని అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనూ పనిగట్టుకుని చెడగొట్టను. కానీ మా ఇంట్లో ఏ పుస్తకం తీసినా మధ్యలో ఎక్కడో ఒక కాగితం ముక్క దర్శనమిస్తుంది. అన్నీ బాగాలేక ఆపినవేం కాదు. కొన్నయితే ఎంత బాగున్నాయంటే, ఇక చాలనిపించి మూసేశాను. నాలుగువందల పేజీల నవల ఒకటి మూడువందల యాభై దాకా చదివి, అందులో మనుషులంతా ఏదో ఒక దారిన పడ్డారని తోచి, వాళ్లని అక్కడే వదిలేసి వచ్చాను. హాయిగానే ఉన్నారనుకుంటాను.

ఇప్పుడు నా ప్రశ్న. మూడువందల యాభై పేజీలు చదివిన ఆ నవల నా లెక్కలో సున్నా. వాడు అంట్లు తోముతూ, మధ్యలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ విన్నది ఒకటి. ఇదెక్కడి లెక్క?

బుక్‌మార్క్_బాబాయ్
కుందేలు పుస్తకం కనీసం పూర్తిచేశాడు కదండీ.

లెక్కల_మాస్టారు
దీనికీ ఒక కొలత ఉంది. 2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణిత ఆచార్యుడు సరదాగా తయారుచేశాడు. ఈ-పుస్తకాల్లో నచ్చిన వాక్యాలకు పాఠకులు రంగు పూస్తారు కదా. ఎక్కువమంది అలా గుర్తుపెట్టిన అయిదు వాక్యాలు ఏయే పేజీల్లో ఉన్నాయో చూశాడు. జనం చివరిదాకా చదివిన పుస్తకమైతే ఆ గుర్తులు పుస్తకమంతా పరుచుకుని ఉండాలి. మొదట్లోనే చతికిలబడితే గుర్తులన్నీ తొలి అధ్యాయంలోనే గుంపు కడతాయి. ఆ పేజీల సగటును మొత్తం పేజీలతో భాగించి శాతం కట్టాడు. హాకింగ్ సూచీ అని పేరు పెట్టాడు. స్టీఫెన్ హాకింగ్ 1988లో కాలం మీద రాసిన పుస్తకం కోటి ప్రతులకు పైగా అమ్ముడుపోయి, కొని చదవని పుస్తకాలకు మారుపేరైపోయింది, అందుకని.

పాపం హాకింగ్‌కి వచ్చింది 6.6 శాతం. ఆ ఏడాది అందరి చేతుల్లోనూ కనిపించిన థామస్ పికెట్టీ ఆర్థికశాస్త్ర గ్రంథానికి 2.4. దాదాపు ఏడువందల పేజీల పుస్తకంలో ఆ అయిదు గుర్తుల్లో ఆఖరిది 26వ పేజీలో ఉంది! అదే సమయంలో వచ్చిన, అంతే లావున్న డొనా టార్ట్ నవలకు 98.5. అంటే లావు అడ్డం కాదన్నమాట. ఇది శాస్త్రం కాదు, వినోదం అని ఎలెన్‌బర్గ్ తానే చెప్పుకున్నాడు. అయినా పికెట్టీ పుస్తకం పట్టుకుని ఫొటో దిగినవాళ్లను చూస్తే నాకు 26 గుర్తొస్తుంది.

నిద్రమత్తు
26 తర్వాత రంగు పూయడం మానేసి శ్రద్ధగా చదువుకున్నారేమో మాస్టారూ. నేను అచ్చు పుస్తకాల్లో అంతే. మొదట్లో ఉత్సాహంగా పెన్సిల్‌తో గీస్తాను. తర్వాత పెన్సిల్ మంచం కిందకి దొర్లిపోతుంది. మళ్ళీ దిగి వెతకాలంటే బద్ధకం.

లెక్కల_మాస్టారు
మంచం కింది పెన్సిల్‌ను ఎలెన్‌బర్గ్ లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పుకుంటున్నాను.

అట్టచివరి_పేజీ
నాకు ఇవన్నీ సాకుల్లా ఉన్నాయి. కాగితపు_పులి గారూ, రేపు మీ నవలను ఎవరో 350వ పేజీలో మూసేసి "చాలా బాగుందండీ, చాలనిపించింది" అంటే మీకెలా ఉంటుంది? చివరి యాభై పేజీల కోసమే ముందు మూడువందలూ రాసేవాళ్లుంటారు.

ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో 1980లో ఒక మఠంలో జరిగే హత్యల చుట్టూ నవల రాశాడు. మొదటి వంద పేజీలు మరీ భారంగా ఉన్నాయి, కాస్త తగ్గించమని ముందుగా చదివిన మిత్రులూ సంపాదకులూ అడిగారు. ససేమిరా అన్నాడు. ఆ మఠంలో ఏడు రోజులు గడపదలచినవాడు అక్కడి నడకకు అలవాటు పడాలి, పడలేనివాడు కొండ కిందే ఉండిపోవచ్చు అన్న అర్థంలో తర్వాత రాశాడు కూడా. కొండ మీద ఏముందో కింద కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది?

కాగితపు_పులి
నేను కొండ కింద లేనండీ, ముప్పావు కొండెక్కి చెట్టు నీడన కూర్చున్నాను. పైగా అదే ఎకో దగ్గర ముప్ఫై వేల పుస్తకాలుండేవి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇవన్నీ చదివారా" అని అడుగుతుంటే విసుగెత్తి, దానికి రకరకాల జవాబులు సిద్ధం చేసిపెట్టుకున్నాడు. అన్నీ చదివినవాడికి అంత కసరత్తు అక్కర్లేదు.

ఇక నా నవల 350వ పేజీలో వదిలేస్తారన్న భయం నాకు లేదు. అది 180 పేజీలే.

గ్రంథపాలిక
నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. తిరిగొచ్చిన పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే జనం ఎంతవరకు చదివారో తెలిసిపోతుంది. వేళ్లు తగిలిన మేర అంచు మాసి ఉంటుంది, అక్కణ్ణుంచి తెల్లగా ఉంటుంది. కొన్ని గొప్ప పుస్తకాలకు ఎందరు పట్టుకెళ్లినా ఆ మాసిన గీత ఇంచుమించు ఒకే చోట ఆగుతుంది. రచయితకు ఎవరైనా ఫోన్ చేసి ఆ పేజీ సంగతి చెబితే బాగుండుననిపిస్తుంది.

లోపల దొరికేవి ఇంకో లోకం. జుట్టు పిన్నులు, మందుల చీటీలు, హాల్‌టికెట్లు. ఒకసారి రాజీనామా ఉత్తరం దొరికింది, అదీ సగమే రాసి ఉంది. ఆ మనిషి రెండు పనులూ ఒకే రోజు ఆపేసి ఉంటాడు.

అట్టచివరి_పేజీ గారి పట్టుదల అంటే గౌరవమే కానీ, నేను పాఠకులకు నాన్సీ పెర్ల్ సూత్రం చెబుతుంటాను. ఆవిడ అమెరికాలో పేరున్న గ్రంథపాలకురాలు. యాభై ఏళ్లలోపువాళ్లు ఏ పుస్తకానికైనా యాభై పేజీల అవకాశమివ్వాలి. యాభై దాటాక వందలోంచి మీ వయసు తీసేయండి, మిగిలినన్ని పేజీలు చాలు. డెబ్బై ఏళ్లాయన ముప్ఫై పేజీలకే లేచిపోవచ్చు. వందేళ్లు నిండితే అట్ట చూసి తేల్చేయొచ్చు.

బుక్‌మార్క్_బాబాయ్
అమ్మా, సూత్రం దివ్యంగా ఉంది. నాకు ఎన్ని పేజీలు వస్తాయో మాత్రం ఇక్కడ చెప్పను. మాస్టారు వెంటనే తీసివేత చేసేస్తారు.

మళ్ళీ_మొదలు
జాబితాలు పెట్టేవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. నేను ఆ జాతే. పిల్లలు పుట్టాక, ఉద్యోగం మారాక, ఏళ్ల తరబడి ఒక్క పుస్తకం ముట్టలేదు. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో వేలితో పైకి తోస్తూ ఉండటమే. ఏం చూశానో పొద్దునకి ఒక్కటీ గుర్తుండేది కాదు. ఒక యాప్‌లో ఏడాదికి ఇన్ని అని లక్ష్యం పెట్టుకున్నాక మళ్ళీ చదవడం మొదలైంది. 'మీరు లక్ష్యానికి రెండు పుస్తకాలు వెనకబడి ఉన్నారు' అని అది గుర్తుచేస్తే సిగ్గేసేది. ఆ సిగ్గే నన్ను లాక్కొచ్చింది. సిగ్గు పనికిమాలినదని ఎవరన్నారు?

అయితే దాని చెడూ చూశాను. ఏడాది సగం గడిచేసరికి సన్న పుస్తకాలే ఏరుకోవడం అలవాటైంది. లావు నవల ఒకటి ఎప్పటినుంచో చదవాలని ఉంది. దాన్ని పట్టుకుంటే నెల పడుతుంది, లెక్కలో ఒకటే పడుతుంది. ఆ నెలలో నాలుగు సన్నవి కొట్టేయొచ్చు. అది ఇంకా అలాగే ఉంది.

కాగితపు_పులి
మీ పోస్టు చదివాక జాబితాల మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం మావాడి మీద అట్టిపెట్టుకుంటాను.

నిద్రమత్తు
కుందేలు పుస్తకాల తరఫున నాది ఒక మనవి. మా చిన్నాడికి అలాంటిదే ఒకటి ఉంది. రోజూ రాత్రి అదే కావాలి. ఒక మాట మార్చి చదివితే పట్టేస్తాడు, "అలా లేదు" అని వెనక్కి తిప్పిస్తాడు. అయిపోగానే మళ్ళీ మొదటి పేజీ. వాడికి 'పూర్తిచేయడం' అనే బెంగే లేదు. మనం ఇష్టమైన పాట వందసార్లు వింటాం, ఇష్టమైన సినిమా టీవీలో ఎప్పుడొచ్చినా ఎక్కడినుంచైనా చూస్తాం. నవల దగ్గరికి వచ్చేసరికే 'అయిపోయింది, తర్వాతది' అంటాం ఎందుకో. మళ్ళీ చదివినవాటికి కదా అసలు మార్కులు వేయాలి?

అట్టచివరి_పేజీ
మళ్ళీ చదవాలంటే ముందు ఒకసారి పూర్తిచేయాలి బాబూ.

సొంతఅచ్చు
మీరంతా దీన్ని తత్వచర్చలా మాట్లాడుకుంటున్నారు. మాకు ఇది జీతం విషయం. ఈ-పుస్తకాలు సొంతంగా వేసుకునేవాళ్లం. అమెజాన్ తన చందా పథకంలో 2015 జూలై నుంచి, పుస్తకం తీసుకున్నందుకు ఇంత అని కాకుండా పాఠకుడు చదివిన పేజీకి ఇంత అని రచయితలకు ఇస్తోంది. వింటే న్యాయంగానే ఉంది కదా. వెంటనే గడుసువాళ్లు బయల్దేరారు. పాఠకుడు ఏ పేజీ దాకా చేరాడన్నదే అప్పట్లో యంత్రం చూసేది, మధ్యవన్నీ చదివాడా లేదా అన్నది చూసేది కాదు. అందుకని మొదట్లోనే ఒక లింకు పెట్టి, నొక్కితే వేల పేజీల అవతల పడేలా పుస్తకాలు తయారుచేశారు. ఒక్క నొక్కుకి వేల పేజీలు చదివినట్టు డబ్బులు! ఆ లోపల చెత్తాచెదారం, ఒకే కథ నాలుగు భాషల్లో. తర్వాత ఆ సంస్థ నిబంధనలు బిగించిందనుకోండి.

నా వరకు నాకు రోజుకిన్ని పేజీలు చదివారని ఒక పట్టీ వస్తుంది. ఎక్కడ ఆపారో చెప్పదు, ఊహించుకుని ఏడవాలి. దాన్ని చూడటం మొదలుపెట్టాక నా రాత మారిపోయింది. ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు తలుపు కొడతారు. ఇప్పుడు నా నవలల్లో తలుపులు కొట్టినంతగా పోలీసులు కూడా కొట్టరు.

బుక్‌మార్క్_బాబాయ్
మీ కొత్త పుస్తకం నేను చదివాను. ఏడో అధ్యాయంలో తలుపు కొట్టింది ఎవరో ఎనిమిదిలో చెప్పనేలేదు.

సొంతఅచ్చు
పదకొండులో చెప్పాను. మీరు ఎక్కడ ఆపారో ఇప్పుడు తెలిసింది.

తోకచుక్క
తలుపు కొట్టే విద్య మీతో మొదలైందనుకోకండి. డికెన్స్ తొలి నవల 1836 ఏప్రిల్‌లో నెలకో భాగంగా మొదలై 1837 నవంబర్ దాకా వచ్చింది. మూడో భాగం నుంచి ఒక్కోదానికి 32 పేజీలు, బొమ్మలు, అట్ట మీద ప్రకటనలు. మాటకింత చొప్పున డబ్బిచ్చేవాళ్లు కాబట్టే అంత సాగదీశాడని ఒక పుకారు ఇప్పటికీ తిరుగుతుంటుంది. అది నిజం కాదు. భాగానికి ఇంత అని ఇచ్చేవాళ్లు. భాగం నిడివి ముందే ఖాయం, ఎక్కువ రాసినా ఒరిగేదేం లేదు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, ఈ లావు నవలల్లో చాలావాటిని మొదట చదివినవాళ్లు ఏడాదిన్నర పాటు చదివారు. మధ్యలో నెలంతా ఖాళీ. ఆ ఖాళీలో పాత్రల గురించి వాదించుకునేవాళ్లు, మర్చిపోయేవాళ్లు, అందుకే రచయిత ప్రతి మనిషికీ ఒక ఊతపదమో వింత నడకో తగిలించి గుర్తుచేసేవాడు. మనం దాన్నే ఒక్క వారంలో మింగేసి "అబ్బ, చెప్పిందే చెబుతున్నాడు" అంటున్నాం. మళ్ళీ_మొదలు గారూ, మీ లావు నవలను నెలకి కాస్త చొప్పున ఏడాదంతా చదవండి. లెక్కలో ఒకటే పడనివ్వండి.

మళ్ళీ_మొదలు
యాప్ ఒప్పుకోదు, కానీ ఐడియా నచ్చింది.

చెవిరాత
'అంట్లు తోముతూ విన్నాడు' దగ్గర అందరూ నవ్వేసి ముందుకెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. నాకు చూపు లేదు. ఈ చర్చంతా ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటున్నాను. మీరు ఈసడించిన రెండింతల వేగం మాలో చాలామందికి నత్తనడక. నేను పెట్టుకునే వేగంలో స్క్రీన్ రీడర్‌ని పక్కవాళ్లు వింటే ఫోన్ పాడైందనుకుంటారు. ఏళ్లుగా అలవాటైన చెవి. కళ్లున్నవాళ్లు మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారా?

ఆడియో పుస్తకం బద్ధకస్తుల కోసం పుట్టిన సరుకని ఒక అపోహ ఉంది. 1934లో అమెరికాలో అంధుల కోసం గ్రామఫోన్ రికార్డుల మీద పుస్తకాలు వచ్చాయి. మామూలు రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, నాలుగైదు నిమిషాల్లో ఒక వైపు అయిపోయేది. దాని మీద నవల ఏం పడుతుంది? అందుకని ఆ పుస్తకాల కోసం వేగాన్ని 33⅓ చుట్లకు తగ్గించి ఒక వైపు పావుగంట పట్టేలా చేశారు. అయినా నవల అంటే ఇంటికి ఒక రికార్డుల పెట్టె వచ్చేది. పాటల మార్కెట్లో లాంగ్ ప్లే రికార్డు నిలదొక్కుకున్నది 1948 తర్వాతే. మీ పాటల లాంగ్ ప్లే రికార్డుల కంటే ముందు మా నవలలు తిరిగాయి.

బ్రెయిల్ కూడా చదువుతాను. ఒక మోస్తరు నవలే బ్రెయిల్లో సంపుటాలు సంపుటాలు అవుతుంది, పెట్టుకోవడానికి చోటుండదు. అందుకని నవలలు చెవితో, కవిత్వం వేళ్లతో. పాదం ఎక్కడ విరిగిందో గొంతు చెప్పదు. వేలికి తెలుస్తుంది. మరి ఇందులో ఏది చదవడం, ఏది కాదు?

అట్టచివరి_పేజీ
కవిత్వం గురించి మీరన్నది ఇప్పటిదాకా నాకు తట్టనే లేదు. నాకు కళ్లు ఉన్నా పాదం విరుపు పట్టించుకోకుండా పరిగెడతాను.

కాగితపు_పులి
చెవిరాత గారూ, మీ వినడం మీద నాకే పేచీ లేదు. మావాడి వినడం వేరు. మొన్న వాణ్ణి పరీక్షించాను. ఆ నవల్లో నాయిక పేరేమిటిరా అంటే, "గొంతు భలే ఉంటుంది" అన్నాడు.

చెవిరాత
కళ్లతో చదివి పేర్లు మర్చిపోయేవాళ్లు మీ చుట్టుపక్కల ఎవరూ లేరా? ఆయన్ని చెవి కోసం కాక ఫోన్‌లో మాట్లాడినందుకు తిట్టండి, నేనూ తోడొస్తాను.

గొంతు సంగతి ఎత్తారు కాబట్టి, నటించి చదివేవాళ్లతో నాకూ ఒక ఇబ్బంది ఉంది. ఒక్కో పాత్రకీ ఒక్కో గొంతు పెడతారు. దుర్మార్గుడు "మంచినీళ్లు ఇస్తారా" అన్నా సరే, ఆ అనడంలోనే పట్టిచ్చేస్తారు. అందుకే హత్యల కథలకు యంత్రం గొంతే పెట్టుకుంటాను. దానికి హంతకుడెవరో తెలియదు.

లెక్కల_మాస్టారు
ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ఇది. రంగు పూశాను.

ముందే_చెప్పేస్తా
హంతకుడెవరో ముందే తెలిస్తే ఏం కొంపలు మునుగుతాయండీ? నేను ఎప్పుడూ చివరి పేజీ ముందు చదువుతాను. ఎవరు బతుకుతారో తెలిశాక టెన్షన్ లేకుండా, ఎలా రాశాడో చూసుకుంటూ తీరిగ్గా చదువుకుంటాను. దీనికి పరిశోధన కూడా ఉంది. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు కొంతమందికి చిన్నకథలు ఇచ్చి చదివించారు. కొందరికి ముగింపు ముందే చెప్పేశారు. చెప్పించుకున్నవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయి, నేరపరిశోధన కథలతో సహా. నన్ను చిన్నచూపు చూసే అట్టచివరి_పేజీ గారు గమనించాలి, చివరి పేజీ మీద నాకున్నంత శ్రద్ధ మీకు కూడా లేదు.

అట్టచివరి_పేజీ
నేను ఇంకా మిమ్మల్ని ఏమీ అనలేదు. ఇప్పుడు అంటాను. అది దొంగదారి.

తోకచుక్క
ఆ పరిశోధనలో చదివించినవి చిన్నకథలు. అరగంటలో అయిపోయేవి. వారం రోజులు ఒక నవలతో తిరుగుతూ, బస్సులో కూడా "ఆ నౌకరే అయ్యుంటాడు" అని అనుమానించే సుఖం అందులో కొలవలేదు. అగాథా క్రిస్టీ నాటకం 1952 నుంచి లండన్‌లో ఆడుతోంది, ప్రదర్శన చివర హంతకుడి పేరు బయట చెప్పొద్దని ప్రేక్షకులను అడగడం వాళ్ల ఆనవాయితీ. జనం ఇన్నేళ్లుగా చాలావరకు మాట నిలబెట్టుకున్నారు. ముగింపు తెలిస్తేనే ఎక్కువ నచ్చేదైతే తలుపు దగ్గరే చీటీలు పంచేవాళ్లు కదా.

మోడరేటర్
పై పోస్టుకు జవాబుగా ఆ నాటకంలో హంతకుడి పేరు రాసిన ఒక పోస్టును తీసేశాను. రాసినవారికి తెలుసు.

ముందే_చెప్పేస్తా
పేరు చూసి సభ్యత్వం ఇచ్చింది మీరే కదండీ.

గ్రంథపాలిక
సగం చదివినవాళ్ల గురించి ఇంత గొడవ పడుతున్నాం కానీ, అసలు ముట్టుకోకుండానే చదివామనుకునేవాళ్ల మాటేమిటి? సినిమాలు చూసి పుస్తకం తెలుసనుకోవడం. ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే పలక తల, మెడలో మేకులు, మాట రాని భారీ మనిషి గుర్తొస్తాడు. ఆ రూపం 1931 సినిమాది. మేరీ షెల్లీ 1818లో రాసిన నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది వాణ్ణి తయారుచేసిన కుర్రవాడి పేరు. తయారైనవాడికి పేరే లేదు. పైగా వాడు అనర్గళంగా మాట్లాడతాడు. అడవిలో ఎవరో పోగొట్టుకున్న సంచీలో మూడు పుస్తకాలు దొరికితే చదువుతాడు. మిల్టన్ కావ్యం, ప్లూటార్క్ జీవితచరిత్రలు, గోథే నవల. చదివి వాటి గురించి పేజీలకు పేజీలు ఆలోచిస్తాడు కూడా. నేను చూసిన పాఠకుల్లో అంత శ్రద్ధగలవాళ్లు తక్కువ.

నిద్రమత్తు
ముగ్గురూ కొరుకుడు పడనివాళ్లే. వాడికి మన సూత్రం ఎవరూ చెప్పలేదు పాపం. పైగా పుట్టి ఏడాదే అయిందేమో, యాభై పేజీలూ చదవాల్సిందే.

కాగితపు_పులి
మాస్టారి కొలత కంటే నాకు పియర్ బయార్ పద్ధతి నచ్చింది. పారిస్‌లో సాహిత్యం బోధించిన ఆచార్యుడు. చదవని పుస్తకాల గురించి ఎలా మాట్లాడాలో 2007లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. అందులో తాను ప్రస్తావించే ప్రతి పుస్తకం పక్కనా ఒక గుర్తు వేస్తాడు. అసలు తెలియనిది, తిరగేసినది, ఇతరులు చెప్పగా విన్నది, చదివి మర్చిపోయినది. ఇవే నాలుగు. 'చదివినది' అన్న గుర్తే లేదు! చదివానని మనం అనుకునేవన్నీ మెల్లగా ఆ నాలుగో గదిలోకే నడిచిపోతున్నాయి కదా. నేను పట్టుదలగా చివరిదాకా చదివిన ఒక పెద్ద నవల్లో ఇప్పుడు నాకు మిగిలింది ఒక గుర్రం, ఒక రైల్వే స్టేషన్. సగంలో ఆపినదాంట్లో ఒక ముసలమ్మ చెప్పే అబద్ధాలు వరసగా అప్పజెప్పగలను.

అట్టచివరి_పేజీ
నాకు మర్చిపోవడం మీద అంత బెంగ లేదు. పదిహేనేళ్లప్పుడు ఆపకుండా చదివిన నవలలో ఒక్క పేరూ గుర్తులేదు. కానీ అప్పటినుంచీ నాన్న మీద కేకలేయడం మానేశాను. ఆ నవలకీ దానికీ సంబంధం ఉందని నాకు గట్టి నమ్మకం, ఏమిటో మాత్రం చెప్పలేను. సగంలో ఆపితే అది జరిగేదా?

చెవిరాత
జరిగే ఉండేదేమో. ఏ పేజీలో జరిగిందో మీకెలా తెలుసు?

అట్టచివరి_పేజీ
తెలియదు కాబట్టే అన్నీ చదువుతాను.

లెక్కల_మాస్టారు
ఇది నిలిచే వాదన. దీనికి నా దగ్గర శాతాలు లేవు.

కొత్తగా_చేరా
పై చర్చంతా చదవలేదు, సగం చదివాను (ఇక్కడ తిట్టరనుకుంటా). నాది అర్జెంటు సమస్య. ఆఫీసులో మా పై అధికారి ఒక నవల రాశారు. సంతకం చేసి ఇచ్చారు. నలభై పేజీల్లో ముగ్గురు వర్షంలో తడిశారు, ఇంకేం జరగలేదు. ఎదురుపడినప్పుడల్లా "ఎంతవరకొచ్చింది?" అంటున్నారు. లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నాను.

బుక్‌మార్క్_బాబాయ్
ఆరోగ్యానికి మంచిది, అలాగే కానివ్వండి.

గ్రంథపాలిక
మీరేమీ చెప్పకండి. ఆయన్నే అడగండి, "రాసేటప్పుడు మిమ్మల్ని బాగా ఏడిపించిన పాత్ర ఏది సార్?" అని. ఆ తర్వాత మాట్లాడే అవకాశం మీకు రాదు.

కాగితపు_పులి
రచయితగా పూచీ ఇస్తున్నాను, పనిచేస్తుంది. నా మీద చాలామంది ప్రయోగించారు. అందులో ఎవరు చదివారో ఎవరు చదవలేదో నాకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

సొంతఅచ్చు
'వర్షం బాగా వచ్చింది సార్' అని మాత్రం అనకండి.

కొత్తగా_చేరా
గ్రంథపాలిక గారూ, అడిగాను. నలభై నిమిషాలు మాట్లాడారు, కళ్లు చెమర్చాయి కూడా. ఇంత లోతుగా చదివినవాణ్ణి నన్నే చూశారట. రెండో భాగం రాతప్రతి రేపు తెస్తున్నారు. అచ్చుకి వెళ్లేలోపు నేను తప్పులు దిద్దాలట.